అంతియోగు మొక్కు

దేవదూతను కింద పడేసింది ఎవరని అడిగితే, మా ఊరు పౌలిమన్నాలో రెండేళ్లపాటు పిల్లా పెద్దా ఒకటే మాట చెప్పారు: అంతియోగు పొట్టకు అంటించుకున్న మిషను. కాదని తెలిసినవాడు ఊరు మొత్తానికి అంతియోగు ఒక్కడే. అతను నోరు విప్పలేదు. విప్పితే పెద్దమ్మ పేరు చెప్పాలి.

అంతియోగు ఉప్పుకయ్య ఒడ్డున చేప జెన ఎండబెట్టే షెడ్డులో పనిచేస్తాడు. చేప పొట్ట కోసి గుడ్లుండే జెన సంచిని చిరగకుండా బయటికి తియ్యాలి, ఉప్పులో వెయ్యాలి, చెక్కల మధ్య అదిమి ఆరబెట్టాలి. ఇరవై ఏళ్లుగా చేస్తున్నాడు కాబట్టి చెయ్యి మెత్తబడింది, దాంతోపాటు మాటా మెత్తబడింది. పెళ్లి కాలేదు. ఆ విషయంలో ఊళ్లో అందరికీ తలో అభిప్రాయం ఉంది కానీ అతనికి ఏ అభిప్రాయమూ లేదు.

తొమ్మిదో ఏట షుగరొచ్చింది. మా సార్డీనియా దీవిలో పిల్లలకు షుగరొచ్చిందంటే ఎవరూ గుండెలు బాదుకోరు. మిగతా దేశాలవాళ్లు వచ్చి మా రక్తం తీసుకెళ్లి ఎందుకిలా అని పరీక్షలు చేసుకుంటారు, మేం రోజుకిన్ని సూదులని లెక్కపెట్టుకుని బడికి పోతాం. అంతియోగు తరగతిలోనే ఇంకో పిల్లకూ ఉండేది. పెద్ద పిల్లలు దొంగతనంగా సిగరెట్లు తాగే గోడ వెనకే వీళ్లిద్దరూ సూదులు పొడుచుకునేవాళ్లు. పంతులుగారికి సిగరెట్లవాళ్లే తక్కువ అనుమానంగా కనిపించేవాళ్లు.

తల్లి అప్పటికే లేదు. పెంచింది పెద్దమ్మ బొనారియా. సూది వెయ్యడం నారింజకాయ మీద నేర్చుకుంది. నేర్చుకోవడం అయ్యాక ఆ కాయ వృథా చెయ్యడం ఎందుకని ఒలిచి తినేసింది. జెన తూచే త్రాసు మీద వాడి రొట్టె తూచింది. వాడు ఒంటరిగా నిద్రపోతే ఏమవుతుందోనని పన్నెండేళ్లు వచ్చేదాకా పక్కనే మంచం వేసుకుని పడుకుంది. ఆవిడ వైద్యమంతా ఒక్క వాక్యం: "పరిగెత్తే ముందు తిను." అది తప్పు వైద్యం కాదు. పొద్దున పొడిచిన ఇన్సులిన్ మధ్యాహ్నం వద్దంటే వెనక్కి రాదు. పరుగు ఒంట్లో చక్కెరను తాగేస్తుంది, ఇన్సులిన్ మిగిలింది ఊడ్చేస్తుంది. కాబట్టి ముందే పొట్టలో ఏదో ఒకటి పడాలి. పిల్లాడు బంతాట ఆడితే ఆవిడ అంజూర జాము సీసా, చెంచా పట్టుకుని గీత పక్కన నిలబడేది. మొహం తెల్లబోతే చాలు, ఆట ఆగినా ఆగకపోయినా మైదానంలోకి దిగి నోట్లో చెంచా పెట్టేది. చివరికి వాణ్ణి గోలు దగ్గర నిలబెట్టారు, ఆవిడకు నడక తగ్గుతుందని.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. బొనారియా అడక్కపోయినా పెడుతుంది, వద్దంటే ఇంకాస్త పెడుతుంది. మా ఊళ్లో పెట్టింది వద్దనడం తిట్టడంతో సమానం. పళ్లెం ఎవరైనా చాపితే తీసుకోకుండా గడప దాటినవాడి గురించి వాడి మనవల కాలంలో కూడా చెప్పుకుంటారు.

ఇక మా ఊరి దేవదూత విగ్రహం, శాంతు మియాలి సంగతి. సెప్టెంబరు మొదట్లో ఆయన కయ్య ఒడ్డున ఉన్న చిన్న గుడి నుంచి ఊళ్లో పెద్ద గుడికి వస్తాడు. నడిచి రాడు, పరిగెడతాడు. ఎప్పుడో సముద్రపు దొంగలు వస్తే మా ముత్తాతలు ఆయన్ని భుజాన వేసుకుని చెప్పుల్లేకుండా పరిగెత్తారట. దొంగలు పోయి నాలుగు వందల ఏళ్లయినా మేం ఇంకా పరిగెడుతూనే ఉన్నాం. తెల్ల అంగీ, తెల్ల నడికట్టు, ఉత్త కాళ్లు, దారంతా దుమ్మూ కోసిన గోధుమ మోళ్లూ, రెండు కోసుల దూరం. నలుగురు మోస్తారు, మిగతావాళ్లు పక్కన పరిగెడుతూ రాతి గుర్తు వచ్చినప్పుడల్లా భుజం మారుస్తారు. అందులో ముందు ఎడమ కర్ర గొప్పది. గుడి వాకిట్లోకి మొదట అడుగు పెట్టేది ఆ కర్రే. చివరి రాయి నుంచి వాకిలి దాకా ఆ కర్ర అంతియోగు తాతది, తర్వాత తండ్రిది, తండ్రి పోయాక పంతొమ్మిదో ఏట నుంచి అతనిది. చేప షెడ్డులో ఏడాదంతా తల వంచుకుని నిలబడేవాడు ఆ కాసేపు మాత్రం తలెత్తి పరిగెడతాడు. అతనికున్న ఆస్తి అదొక్కటే అనుకోవచ్చు.

అలాంటివాడు రెండేళ్ల కిందట పరుగు చివర్లో దేవదూతతో సహా బోర్లాపడ్డాడు.

ఆ వసంతంలోనే కొత్త మిషను వచ్చింది. చేతికి ఒక బిళ్ల అంటిస్తారు, అది చక్కెర ఎంతుందో చూస్తూ ఉంటుంది. పొట్టకు ఒక పంపు ఉంటుంది, బిళ్ల చెప్పినదాన్ని బట్టి ఇన్సులిన్ కాస్త ఎక్కువా కాస్త తక్కువా పోస్తూ ఉంటుంది. ఫోన్లో చూసుకోవచ్చు. అంతియోగు జీవితంలో మొదటిసారి రాత్రంతా కదలకుండా నిద్రపోయాడు. బొనారియా మాత్రం దాన్ని కొత్త కోడల్ని చూసినట్టు చూసింది. "నలభై ఏళ్లు నేను చూసుకున్న పిల్లాణ్ణి నిన్నగాక మొన్నొచ్చిన డబ్బా చూసుకుంటుందా?" అంది. పండగ రోజు పొద్దున తన పని తను చేసింది. గొర్రెపాల విరుగూ కుంకుమపువ్వూ పెట్టి కాల్చిన పర్దులాలు నాలుగు, నిలబెట్టి, ఒకదాని తర్వాత ఒకటి తినిపించింది. అతనూ తిన్నాడు, పడిపోకుండా ఉంటుందని. మిగతా కథ ఊరికి తెలుసు. చివరి రాయి దాటి సగం దూరంలో కాళ్లు మైనంలా మెత్తబడ్డాయి, శాంతు మియాలి కుడి రెక్క రాతికి తగిలి విరిగింది. బొనారియా అందరికంటే ముందు పరిగెత్తుకొచ్చి నోట్లో చక్కెర పోసి, "డబ్బా! డబ్బా చంపేసింది నా బిడ్డని!" అని అరిచింది. ఆ మాటే ఊరి మాటయింది.

వారం తర్వాత పట్నంలో డాక్టరమ్మ కదోని ఆ రోజు చక్కెర గీతను తెర మీద చూపించింది.

"ఈ కొండేంటి?" అంది.

"పండగ."

"పండగ కాదు, ఈ కొండ. పరుగుకు ముందు ఏం తిన్నావు?"

"నాలుగు పర్దులాలు."

"ఎందుకు?"

"పడిపోకుండా."

డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "అయ్యా, పడిపోకుండా తిన్నావని నీకు తెలుసు, మిషనుకు తెలీదు కదా. చక్కెర పెరుగుతోందని చూసింది. పెరిగితే దించడమే దాని పని, ఇన్సులిన్ పోసింది. నువ్వు పరుగు మొదలెట్టేసరికి అదంతా ఒంట్లో తయారుగా ఉంది. పరుగు ఒకవైపు లాగింది, అది ఒకవైపు లాగింది. తినకపోయుంటే పడేవాడివి కాదు."

"ఫోన్లో పరిగెత్తే మనిషి బొమ్మ నొక్కాను కదా? అది నొక్కితే తక్కువ పోస్తుందన్నారు."

"ఎప్పుడు నొక్కావు?"

"గుడి గంట కొట్టగానే."

"ఇల్లు కాలుతుంటే బావి తవ్వావన్నమాట. గంటన్నర ముందు నొక్కాలి. అప్పుడు అది చెయ్యి బిగపట్టి కూర్చుంటుంది, పరుగు వేళకి ఒంట్లో ఎక్కువ ఇన్సులిన్ ఉండదు. ఆ గంటన్నరా ఏమీ తినకు. దారిలో తగ్గుతున్నట్టు అనిపిస్తే రెండు గ్లూకోజు బిళ్లలు నములు. రెండే. అంతకు మించి అక్కర్లేదు."

"తినకుండా ఎలా ఉండాలి?"

"వద్దని చెప్పు."

అంతియోగు ఆవిడ మొహంలోకి చూశాడు. "మీది ఏ ఊరమ్మా?"

"కాల్యరి. పట్నమే."

"అదీ సంగతి," అని లేచి వచ్చేశాడు.

బస్సులో తిరిగి వస్తూ అతను ఆలోచించింది కర్ర గురించి కాదు. పెద్దమ్మకు ఈ సంగతి ఎలా చెప్పాలా అని. ముప్పై ఏళ్లు అతన్ని బతికించిన వైద్యం అది, పాత సూదుల కాలంలో ఒక్కసారి కూడా తప్పు కాలేదు. మిషను వచ్చి ఆ ఒప్పును తప్పు చేసింది. "పెద్దమ్మా, నన్నూ దేవదూతనూ కలిపి పడేసింది నువ్వే" అని ఆ డెబ్బై అయిదేళ్ల మనిషి మొహం మీద అనాలంటే నోరు రావాలి. రాలేదు. ఇంటికి చేరేసరికి ఆవిడ గుమ్మంలో నిలబడి, "ఏమంది డాక్టరు? డబ్బాలో లోపమేగా?" అంది.

"చూస్తారట," అన్నాడు.

పరుగువాళ్లకు పెద్ద బొయిక్కు. దేవుడి రెక్క జిగురుతో అతికించింది ఆయనే. కర్రను అంతియోగు దగ్గర్నుంచి తీసి జెజువీనోకు ఇచ్చింది కూడా ఆయనే. జెజువీనో అంతియోగు కంటే రెండేళ్లు చిన్నవాడు, పడవలు బాగుచేస్తాడు, గిత్తలా ఉంటాడు. చెడ్డవాడేం కాదు కానీ కర్ర వచ్చినప్పట్నుంచి ఊళ్లో నడిచేటప్పుడు కూడా ఎడమ భుజం కాస్త ముందుకు పెట్టి నడుస్తాడు. నిరుడు అంతియోగు ఉత్త చేతులతో గుంపు వెనక పరిగెత్తాడు. అప్పుడూ చిన్న గుడి చుట్టూ పండగకు వేసిన గుడిసెల ముందు ఆడవాళ్లు పళ్లేలతో కాపు కాశారు. అంతకు ముందు ఏడే పడ్డవాడు కదా, జాలి ఇంకా పెరిగింది. అతను వద్దనలేక తిని, సగం దూరం పరిగెత్తి, మిగతా సగం నడిచాడు. జాలి తిని జీర్ణం చేసుకోవడం కష్టం.

ఈ ఏడు ఎండాకాలమంతా అంతియోగు సాయంత్రాలు ఇసుకలో పరిగెత్తాడు. పరుగుకు గంటన్నర ముందు బొమ్మ నొక్కేవాడు, ఏమీ తినేవాడు కాదు, పరిగెత్తి ఇంటికొచ్చేవాడు. ఒక్కసారి కూడా పడలేదు. ఆగస్టు ఆఖర్లో బొయిక్కు దగ్గరికెళ్లి టోపీ తీశాడు.

"మావయ్యా, చివరి రాయి నుంచి వాకిలి దాకా. నాకు మళ్లీ ఇవ్వండి."

బొయిక్కు వల అల్లుతున్న చెయ్యి ఆపలేదు. "ఒక రెక్క అతికించాను. రెండోది కూడా పోతే ఆయన దేవదూత అనిపించుకోడు, సంతలో కోడి అనిపించుకుంటాడు."

"పడను."

"పోయిన మాటూ అలాగే అన్నావు." ఆయన కాసేపు దారం కొరికాడు. "సరే. మీ నాన్న మొహం చూసి ఇస్తున్నా. జెజువీనో కుడివైపుకు జరుగుతాడు. కానీ విను. ఈసారి నువ్వు తూలినా, నిలబడినా, భుజం దించినా ఆ కర్ర నీది కాదు, నీకు పుట్టబోయేవాడిదీ కాదు. జెజువీనోదే. బతికున్నంతకాలం నన్ను మళ్లీ అడక్కు."

అంతియోగు సరేనన్నాడు. ఇక మిగిలింది పర్దులాలు.

మా ఊళ్లో ఆడవాళ్ల పళ్లేన్ని ఆపగలిగేది ఒకటే ఉంది, మొక్కు. దేవుడికి మొక్కుకున్నవాడి నోట్లో ఎవరూ ఏమీ పెట్టరు. పెడితే పాపం పెట్టినవాళ్లది. పండగకు రెండు రోజుల ముందు పెద్దమ్మ పిండి పిసుకుతుంటే, అంతియోగు కిటికీ వైపు చూస్తూ చెప్పాడు.

"పెద్దమ్మా, నేను మొక్కుకున్నాను. పరుగు రోజు శాంతు మియాలి వాకిట్లో అడుగుపెట్టేదాకా నోట్లో ఏమీ వేసుకోను."

బొనారియా చేతులు పిండిలోనే ఆగిపోయాయి. "ఏమీనా?"

"ఏమీ."

"నీ ఒంటికి అది..."

"ఆయనే చూసుకుంటాడు."

 ఆవిడ పిండి చేత్తోనే శిలువ వేసుకుంది, ముక్కు మీద తెల్లగా పడింది. "నీ కడుపులో ఇంత భక్తి ఉందని నాకు తెలీదురా," అంది. కళ్లు తడిశాయి. అంతియోగు తొమ్మిదో ఏట నుంచి ఆవిడకు చెప్పిన అబద్ధాలు ఏవో రెండో మూడో ఉంటాయి, వాటన్నిటికంటే ఇది బాగా పట్టింది. అతనికి సిగ్గేసింది. అయినా వెనక్కి తీసుకోలేదు.

తెల్లారేసరికి ఊరంతా తెలిసింది. పండగ పొద్దున గుడిసెల మధ్య అతను నడుస్తుంటే పళ్లేలు వెనక్కి జరిగాయి. బొనారియా చేతికర్ర పట్టుకుని ముందు నడిచింది. ఎవరో పరాయి ఊరి చుట్టం తెలీక బాదంపప్పు ఉండ చాపితే, "వాడికి మొక్కుంది! కనపడట్లా?" అని కర్రతో చెయ్యి పక్కకు నెట్టింది. మొక్కు కళ్లకు ఎలా కనపడుతుందో ఆ చుట్టానికి అర్థం కాలేదు. ఫాదరు గారు వచ్చి చెయ్యి నొక్కి, "ఈ రోజుల్లో ఇలాంటివాళ్లు అరుదు," అన్నారు. మోకాళ్ల నొప్పుల ముసలావిడ అతని అంగీ చెంగు పట్టుకుని కళ్లకద్దుకుంది. అంతియోగు ఫోను తీసి చూశాడు. బొమ్మ గంటన్నర కిందటే నొక్కాడు. చక్కెర బల్లపరుపుగా ఉంది, ఇంత బాగా ఎప్పుడూ లేదు. పాపం పండటానికి ఇంకా టైముందన్నమాట.

గ్లూకోజు బిళ్లలు నడికట్టు మడతలో కుడివైపు కట్టుకున్నాడు. అతని ఉపాయం తేలికైనదే. చివరి రాయికి ముందు ఒక వాగు ఉంది, దానికి రెండువైపులా రెల్లు. అక్కడ చూసే జనం ఉండరు. అక్కడ వంగి, ముల్లు తీసుకున్నట్టు నటించి, రెండు బిళ్లలు నోట్లో వేసుకుంటాడు. తర్వాత కర్ర అందుకుంటాడు.

గంట కొట్టారు. పరిగెత్తారు.

మొదటి సగం సజావుగా జరిగింది. దుమ్ము లేచింది, మోళ్లు గుచ్చుకున్నాయి, ఆడవాళ్లు గట్ల మీద నుంచి ఎవరి మగాళ్లను వాళ్లు తిడుతూ ఉత్సాహపరిచారు. అంతియోగు పక్కన పరిగెడుతూ తనలో తాను నవ్వుకున్నాడు కూడా. అప్పుడు ముందు ఎడమ కర్ర మోస్తున్నవాడి మడమ మెలిక పడింది. వాగుకు చాలా ఇవతల, చివరి రాయికి ఇంకా రెండు రాళ్ల ముందు.

"అంతియోగూ! ఎక్కు!" అని బొయిక్కు అరిచాడు.

ఎక్కడం తప్ప ఇంకేం చేస్తాడు? కర్ర కింద భుజం పెట్టాడు, కుడి కర్ర కింద జెజువీనో అప్పటికే ఉన్నాడు. మా పద్ధతిలో ముందు ఇద్దరూ ఒక చెయ్యి కర్ర మీద, రెండో చెయ్యి పక్కవాడి మెడ మీదుగా భుజం మీద వేసి, ఒకే మనిషిలా పరిగెడతారు. ఆ చేతులు విడిపోతే అడుగు విడిపోతుంది, అడుగు విడిపోతే దేవుడు ఊగుతాడు. అంతియోగు కుడిచెయ్యి జెజువీనో భుజం మీద, ఎడమచెయ్యి కర్ర మీద. బిళ్లలు నడికట్టులో. వాగు వచ్చింది, రెల్లు వచ్చింది, వెళ్లిపోయాయి.

వాగు దాటాక ఫోను నడుం దగ్గర గిలగిలా కొట్టుకుంది. అతనికి ఫోను అక్కర్లేదు, ముప్పై అయిదేళ్ల అనుభవం ఉంది. పెదవుల చుట్టూ తిమ్మిరి, కళ్ల ముందు దారి కాస్త దూరంగా జరిగినట్టు. ఇంకా పడే స్థితి కాదు. కానీ చివరి రాయి నుంచి వాకిలి దాకా ఎత్తు. రెండు బిళ్లలు పడితే నిలుస్తాడు, పడకపోతే ఎత్తు ఎక్కేలోగా నేలమీద ఉంటాడు. పక్కకు తప్పుకుంటే కర్ర పోతుంది. పడితే కర్రతోపాటు రెక్కా పోతుంది. బిళ్ల నమిలితే ఊరి ముందు మొక్కు తప్పినవాడవుతాడు, మొక్కు తప్పినవాడి భుజం మీద దేవుణ్ణి ఎవరూ పెట్టరు. ముందు నుయ్యి, వెనక గొయ్యి, నెత్తి మీద దేవదూత.

"జెజువీనో," అన్నాడు ఊపిరి మధ్యలో.

"ఊ."

"నా నడికట్టులో, నీవైపు, బిళ్లలున్నాయి. రెండు తీసి నా నోట్లో వెయ్యి."

జెజువీనో నాలుగడుగులు వేశాడు. "మొక్కు కదరా?"

"మొక్కు నేను చూసుకుంటా."

"వెయ్యకపోతే?"

"పడతా."

"పడితే కర్ర నాది."

"అవును. కానీ నా చెయ్యి నీ మెడ మీదుంది. పడితే నిన్ను తీసుకునే పడతా."

జెజువీనో ఇంకో నాలుగడుగులు ఆలోచించాడు. మనిషి నెమ్మదస్తుడు. తర్వాత అంతియోగు భుజం మీద చెయ్యి తీశాడు, అడుగు తప్పకుండా నడికట్టులో తడిమాడు, ఒక బిళ్ల దుమ్ములో పడింది, రెండు దొరికాయి. కోడిపిల్లకు మందు వేసినట్టు బొటనవేలితో నోట్లోకి తోశాడు. చెయ్యి మళ్లీ భుజం మీద పెట్టాడు. "నములు. అడుగు చూసుకో. ఎడమ," అన్నాడు.

అంతియోగు నమిలాడు. చివరి రాయి మలుపులో నమిలాడు. ఆ మలుపు దగ్గరే పెద్ద గుడి మెట్లు కనిపిస్తాయి, మెట్ల మీద నుంచి ఆ మలుపూ కనిపిస్తుంది. మెట్ల మీద కాళ్లు కడిగే నీళ్ల బేసిను పట్టుకుని బొనారియా నిలబడి ఉంది. ఆవిడకు చదువు అంతంతమాత్రం, వినికిడి తగ్గింది, కానీ ఆ దవడ కదిలితే ముప్పై అయిదేళ్లుగా అరకోసు దూరం నుంచైనా కనిపెట్టగలదు.

తూలలేదు. ఎత్తు ఎక్కేటప్పుడు తిమ్మిరి పెదాల నుంచి దిగిపోవడం అతనికి తెలిసింది. ముందు ఎడమ కర్ర వాకిట్లో మొదటి అడుగు పెట్టింది, గంటలు మోగాయి, శాంతు మియాలి రెండు రెక్కలతోనూ లోపలికి వెళ్లాడు. కేకలు లేస్తుండగానే బొనారియా గొంతు వాటి మీద లేచింది.

"ఏం నమిలావురా?"

కేకలు ఒక్కొక్కటే ఆగాయి. బొయిక్కు వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. "నమిలాడా?"

జెజువీనో ఆకాశం చూశాడు. అతను ఒక్క ముక్క చెప్పుంటే చాలు, కర్ర ఆ సాయంత్రమే అతనిదయ్యేది. చెప్పలేదు.

"నమిలాను," అన్నాడు అంతియోగు. "గ్లూకోజు."

"మొక్కు తప్పావు."

"తప్పలేదు. మొక్కు లేదు."

పొద్దున అతని అంగీ కళ్లకద్దుకున్న ముసలావిడ చేతులు తన గౌనుకు తుడుచుకుంది. ఫాదరు గారు పక్కకు చూశారు. అంతియోగు పెద్దమ్మ వైపు తిరిగాడు. పాదాలు చీరుకుపోయాయి, మెట్టు మీద రక్తం అచ్చులు పడుతున్నాయి. ఇంకో అబద్ధం ఏదైనా ఉందేమోనని వెతికాడు, ఒక్కటీ దొరకలేదు.

"పరుగు ముందు తింటే ఈ మిషను దాన్ని చూసి ఇన్సులిన్ పోస్తుంది పెద్దమ్మా. పరిగెత్తేసరికి పడతాను. తినకుండా ఉంటేనే నిలబడతాను. నీకు చెప్పలేక మొక్కని చెప్పాను. నీ పళ్లెం ఆపడానికి దేవుడు తప్ప దారి కనపడలేదు."

బొనారియా బేసిను కింద పెట్టింది. ఆవిడ మొహంలో కోపం రాలేదు. లెక్క వేసుకుంటున్నట్టుంది. మనసులో వెనక్కి వెళ్లి, రెండేళ్ల కిందటి పండగ పొద్దున దగ్గర ఆగింది.

"అయితే ఆ ఏడు," అంది, "డబ్బా కాదు."

అంతియోగు మెట్టు మీది రక్తం అచ్చులు చూశాడు.

"అడుగుతున్నా, చెప్పు. నేనేనా?"

"నాలుగు పెట్టావు పెద్దమ్మా."

"నాలుగు," అందావిడ.

"రెండు పెట్టుంటే పడేవాణ్ణి కాదేమో." ఓదార్పుగా అన్నాడు. అది ఓదార్పు కాదని అన్నాకే తెలిసింది.

"రెండేళ్లు తెలిసీ ఊరుకున్నావా? గుంపు వెనక పరిగెత్తావా?"

"నువ్వు కదా పెద్దమ్మా," అన్నాడు.

ఆవిడ చుట్టూ ఉన్నవాళ్లను చూసింది. ఈ రెండేళ్లలో నూతి దగ్గర, దుకాణం దగ్గర, చావు ఇళ్ల దగ్గర, డబ్బాను తిట్టినవాళ్లందరూ అక్కడే ఉన్నారు. వాళ్లకు ఆ తిట్లు నేర్పింది తనే. బొనారియా డెబ్బై ఏడేళ్లలో ఎవరి ముందూ తప్పు ఒప్పుకున్న మనిషి కాదు, ఒప్పుకునే అలవాటు లేనందువల్ల గొంతు కాస్త పెద్దదిగా వచ్చింది.

"బొయిక్కూ! అందరూ వినండి. దేవుడి రెక్క విరగ్గొట్టింది వీడు కాదు. నేను. నా చేత్తో తినిపించి పడేశాను. వీడు చేతకానివాడని రెండేళ్లు అన్నారుగా, ఆ మాటలన్నీ నాకు చెందాలి. ఇవాళ వీడు నిలబడ్డాడు. కర్ర వీడిది."

బొయిక్కు టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. "ఈ సంగతి రెండేళ్ల కిందట చెప్పుంటే నాకు జిగురు పని తప్పకపోయినా కర్ర పీకేసుకునే పని తప్పేది కదా?"

"నాకిప్పుడే తెలిసింది," అంది బొనారియా.

"సరే. కర్ర వాడిది," అన్నాడు బొయిక్కు. "జెజువీనో, నీకేమైనా...?"

"కుడివైపే బాగుంది," అన్నాడు జెజువీనో. ఎడమ భుజం రాసుకుంటూ అన్నాడు గానీ, అన్నాడు.

అప్పుడు అంతియోగు మెట్టు మీద కూలబడి, మొహం అంగీలో దాచుకుని ఏడ్చాడు. పొద్దున్నించీ, కాదు, రెండేళ్ల నుంచీ దాచుకున్న ఏడుపు. పాదాలు మండి కన్నీళ్లొచ్చాయని తర్వాత చేప షెడ్డులో అందరికీ చెప్పుకున్నాడు. ఒక్కరూ నమ్మలేదు, ఒక్కరూ కాదనలేదు.